ప్రజల వకాల్తా పట్టిన ముఖ్యమంత్రి

పరపాలనమున నున్న దేశముల శాసనసభల చరిత్రను తిరుగవేసి చూచినచో, అందలి తొలితరము సభ్యులలో న్యాయవాదులే విశేషముగా కనబడుదురు. వారి వాక్పటిమయే దీనికి కారణమని సాధారణముగా చెప్పుదురు గాని, నాకు తోచిన కారణము వేరు. కొలువులో నున్నవానికి జీతభయము, వర్తకునికి లైసెన్సుభయము, భూస్వామికి శిస్తుభయము వెన్నంటి యుండగా, కక్షిదారు లిచ్చు రుసుముతో జీవించు వకీలు మాత్రము, దొరతనమువారి చట్టమునే చేతబట్టుకొని, వారి న్యాయస్థానముననే నిలిచి, వారు చేసినది తప్పని నిరూపించి, సాయంకాలమునకు నిశ్చింతగా ఇల్లు చేరుచుండెను. నిరసించుట అతనికి నిత్యకృత్యము. దానికే అతనికి సొమ్ము ముట్టుచుండెను. ఇట్టి యలవాటు గలవాడు ప్రజల పక్షమున నిలుచుటలో వింత లేదు.

అయితే ఆ వకీలు వలస వచ్చిన కుటుంబమున జనించినవాడై, తన జాతివారు ఊరియందు పిడికెడు మందియే యైనప్పుడు సంగతి మారిపోవును. ఆతనికి కులబలము లేదు, భాషాబలము లేదు; తన వారి వోట్లన్నియు మూటగట్టినను ఒక్క వీధికి చాలవు. అట్టివాడు తన జాతికి ప్రతినిధియై శాసనసభకు పోలేడు. పోవలెనన్నచో, అందరికిని ప్రతినిధియై పోవలెను. 1955లో సింగపూరున అట్టివా డొకడు శాసనసభలో ప్రవేశించుటయే గాక, ఆ దీవికి తొలి ముఖ్యమంత్రి యయ్యెను. ఆతని పేరు డేవిడ్ సాల్ మార్షల్. పదునాలుగు మాసములలో ఆతడు పదవిని విడిచెను. ఆ పదవి వచ్చుటకును పోవుటకును మూలము ఆతని వకీలు స్వభావమే యని ఈ వ్యాసమున నేను చెప్పదలచిన మాట.

సింగపూరున తరతరముల స్థానికులమని చెప్పుకొనదగినవారు మొదటినుండియు తక్కువ. 1819లో స్టాంఫర్డ్ రాఫిల్సు అచ్చట ఇంగ్లీషు కుంపినీకి రేవును నెలకొల్పి, దానిని సుంకము లేని రేవుగా చేసిన పిమ్మట, దక్షిణ చీనానుండి కూలీలును వర్తకులును, తమిళదేశమునుండి చెట్టియార్లును పనివారలును, జావా సుమత్రాలనుండి మలయజాతివారును, అరేబియానుండి వ్యాపారులును ఓడలమీద వచ్చి దిగిరి. ఆ వచ్చినవారిలో బాగ్దాదు యూదులును కలరు. తురుష్క సామ్రాజ్యమున పాషాల దౌష్ట్యమునకు తాళజాలకయు, ఇంగ్లీషువారి జెండా నీడన వర్తకము సురక్షితమని తలచియు, వారు బొంబాయి, కలకత్తా, రంగూను మీదుగా తూర్పున షాంఘాయి వరకు వ్యాపించిరి. మన కాకినాడ, విశాఖపట్టణముల రేవులలో ఓడ యెక్కిన తెలుగు కూలీలు రంగూను రేవున బస్తాలు మోసిన కాలమున, ఆ బస్తాల కధిపతులైన వర్తకులలో ఈ బాగ్దాదు యూదులు కొందరుండిరి. సింగపూరున వారు మిడిల్ రోడ్డు, వాటర్లూ వీధి, సెలిగీ రోడ్డు ప్రాంతములలో కాపురములుండి, 1878లో వాటర్లూ వీధియందు ‘మఘైన్ అబోత్’ అను ప్రార్థనామందిరమును కట్టుకొనిరి. వారిలో కుబేరుడనదగిన మనాసే మేయరు 1905లో తన సొంత ధనముతో మరియొక మందిరమును నిర్మించెను. అందరును మేయరులు కారు. చిల్లర వర్తకము చేసి దినము గడపుకొనువారును, ఇంట అరబ్బీ మాటలాడుచు, శుక్రవారము సాయంకాలమున దీపము పెట్టుకొను బీదకుటుంబములును అచ్చట కలవు. అంతయు కలిపి ఆ సంఘము వేయిమందికి అటునిటుగా నుండెడిది.

డేవిడ్ 1908 మార్చి 12వ తేదీన అట్టి యొక వర్తకుని ఇంట పెద్దకుమారుడుగా జన్మించెను. తండ్రి సాల్ నస్సీమ్ మషాల్. తల్లి ఫ్లోరా నియమనిష్ఠలు గల ఇల్లాలు. ఇంగ్లీషువారి నోటికి తిరుగుటకై ‘మషాల్’ అను ఇంటిపేరు కాలక్రమమున ‘మార్షల్’ అయ్యెను. క్రైస్తవుల పాఠశాలలలోను, అటుపిమ్మట రాఫిల్సు విద్యాలయములోను చదువుచున్న కాలమున, యూదుడవని తోటి బాలురు ఎగతాళి చేయగా ఆతడు కలియబడి కొట్లాడుచుండెనట. ఆ బాల్యకోపము పెరిగి పెద్దయై వివేకమును సంపాదించుకొన్నదే గాని, చల్లారలేదు. వైద్యవిద్యకై ఇంగ్లండు పోవుటకు ‘క్వీన్సు స్కాలర్‌షిప్పు’ను గెలువవలెనని రాత్రింబవళ్లు చదివిన ఆతనిని, పరీక్ష సమీపించునప్పటికి క్షయవ్యాధి పడగొట్టెను. చికిత్సకై స్విట్జర్లండు పంపిరి. అచ్చట ఆరోగ్యముతో పాటు ఫ్రెంచి భాషయు లభించెను. తిరిగివచ్చి గుమాస్తాగిరి, సరుకులమ్ముట, ఫ్రెంచి చెప్పుట మొదలగు పనులన్నియు చేసి, సొంత కష్టార్జితముతో లండను చేరి, మిడిల్ టెంపుల్ అను న్యాయవిద్యా సంస్థలో చదివి, 1937లో బారిస్టరు పట్టము పుచ్చుకొనెను. అప్పటి కాతనికి ఇరువది తొమ్మిదేండ్లు. ఆ చదువునకు ఆతడు ఆలస్యముగ వచ్చెను గాని, బజారున తిరిగి సరుకు అమ్మినవానికి మనుష్యుల ముఖములు చదువు విద్య ముందుగానే అలవడి యుండునని మనము గమనింపవలెను.

వృత్తి నిలద్రొక్కుకొనుచుండగా యుద్ధము వచ్చిపడెను. మార్షల్ సింగపూరు వాలంటీరు దళమున సిపాయిగా చేరి పోరాడెను. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు జపానువారి వశము కాగా, వేలకొలది సైనికులతో పాటు ఆతడును బందీ యయ్యెను. 1943లో ఆతనిని జపానుకు ఉత్తరపు కొసన నున్న హొక్కైదో దీవికి తరలించి, శీతలదేశపు బొగ్గుగనులలో కూలిచాకిరి చేయించిరి. భూమధ్యరేఖకు చేరువలో పుట్టినవాడు మంచులో శీతకాలములు గడపి బ్రదికి బయటపడుట విశేషమే. తెల్లదొర యనగా ఓడిపోవుటకు వీలులేనివాడను నమ్మకము సింగపూరున ప్రతివానికిని ఆ ఫిబ్రవరినాడే తొలగిపోయినది. మార్షలునకు అదనముగా మరియొక సత్యము తెలిసివచ్చెను: ఆకలియు చలియు వర్ణభేదము నెరుగవు. 1946లో సింగపూరునకు మరలివచ్చి, ఆతడు తిరిగి గౌను ధరించెను.

తరువాతి తొమ్మిది సంవత్సరములలో మలయా సింగపూరు ప్రాంతమున క్రిమినలు వ్యాజ్యములందు మార్షలును మించినవాడు లేడని ప్రసిద్ధి కలిగెను. ఆ కాలమున మరణశిక్షకు పాత్రమగు నేరములను సింగపూరున ఏడుగురు జూరీల సమక్షమున విచారించుచుండిరి. జూరీ యున్నచోట వాదము సగము శాస్త్రము, సగము నాటకము. మార్షల్ ఆ రెంటను ఆరితేరెను. దట్టమైన కనుబొమలు, గంభీరమైన కంఠము, ఉన్నట్టుండి తగ్గించి గుసగుసగా పలుకు నేర్పు, సాక్షిని అడ్డుప్రశ్నలతో తొలుత నవ్వించి పిదప ఏడిపించు చాకచక్యము, ఇవన్నియు ఆతనికి సహజములు. ఆతని వ్యాజ్యమున్న దినమున న్యాయస్థానమున కూర్చుండ చోటు దొరకెడిది కాదని చెప్పుదురు. నూరు హత్యాభియోగములు వాదించి తొంబదితొమ్మిదింట ముద్దాయిని ఉరికంబము నుండి తప్పించితినని ఆతడు చెప్పుకొనుచుండెను. వకీళ్ల లెక్కలు వకీళ్ల లెక్కలే; అందుచే ఆ సంఖ్యకు నేను పూచీపడను. కాని ఆ లెక్కయే పిమ్మట ఆతనికి ఎదురుతిరిగిన వైనము ముందు చెప్పెదను.

రాజకీయములలో ఆతడు తొలుత ప్రోగ్రెసివ్ పార్టీ యను పెద్దమనుష్యుల పక్షమున కొంతకాలముండి, అచ్చటి మందగమనము సరిపడక బయటికి వచ్చెను. 1954లో లిమ్ యూ హాక్ అను కార్మికసంఘ నాయకుడును, ఫ్రాన్సిస్ థామసు అను ఇంగ్లీషు ఉపాధ్యాయుడును మరికొందరును కలసి లేబరు ఫ్రంటు అను పార్టీని స్థాపించి, నాయకుడుగా మార్షలును పిలిచిరి. అప్పుడే సర్ జార్జి రెండెల్ అధ్యక్షతను ఏర్పడిన సంఘము సింగపూరునకు క్రొత్త రాజ్యాంగమును సూచించియుండెను. దాని ప్రకారము శాసనసభలోని 32 స్థానములలో 25 ఎన్నికస్థానములు. వోటర్ల పట్టికలో తమంతట తాము పేరు నమోదు చేయించుకొనవలసిన పాతపద్ధతి పోయి, అర్హులందరి పేర్లును సర్కారే చేర్చుటచే, 1951లో ఏబదివేలకు లోపున నుండిన వోటర్ల సంఖ్య ఒక్కసారిగ మూడులక్షలకు పెరిగెను. ఇంగ్లీషు వచ్చిన పెద్దమనుష్యుల క్లబ్బులవంటి పార్టీలు ఈ మార్పును గుర్తింపలేదు. గుర్తించినవారిలో మార్షల్ ఒకడు, ‘పీపుల్సు ఏక్షన్ పార్టీ’ నాయకుడును కేంబ్రిడ్జి చదువరియు నగు లీ క్వాన్ యూ మరియొకడు. లీ వంశీయులును చీనానుండి వలసవచ్చినవారే, ఆతడును బారిస్టరే. ఇరువురి మనస్తత్వములకు మాత్రము హస్తిమశకాంతరము.

ఎంప్రెస్ ప్లేసు అను సర్కారు కచేరీల ఆవరణలో ఒక చెట్టుండెడిది. దానిని ‘ఆపిలుచెట్టు’ అని వ్యవహరించుచుండిరి. మధ్యాహ్న భోజనవేళ గుమాస్తాలు, బంట్రోతులు, రేవుకూలీలు ఆ నీడకు చేరుదురు. మార్షల్ ఆ వేళకు అచ్చటికి పోయి, న్యాయస్థానమున జూరీనుద్దేశించి పలుకు కంఠముతోనే వారినుద్దేశించి మాటలాడసాగెను. వలసప్రభుత్వము ముద్దాయి, పేదరికము, పరాధీనత, వర్ణాహంకారము అభియోగములు, చెట్టు క్రింద గుమిగూడిన జనము జూరీ. అంతకుముందు సింగపూరున ఎన్నికల ఉపన్యాసములు ఈ తీరున సాగి యెరుగవు. 1955 ఏప్రిల్ 2న వోట్లు పడినప్పుడు, ప్రోగ్రెసివ్ పార్టీకి నాలుగు స్థానములును, లీ పార్టీకి మూడు స్థానములును రాగా, లేబరు ఫ్రంటుకు పది వచ్చెను. కెయిర్న్‌హిల్ నియోజకవర్గమున మార్షల్ చేతిలో ఓడినవాడు ప్రోగ్రెసివ్ పార్టీ నాయకుడే, ఆతడును న్యాయవాదియే. తాను ప్రతిపక్షమున కూర్చుండి సర్కారును దులపవలసి యుండునని తలచిన మార్షలునకు, మలయ, చీనా సంఘముల పొత్తుపక్షమైన అలయన్సు ముగ్గురి తోడ్పాటుతో మంత్రివర్గమును కూర్చవలసి వచ్చెను. ఏప్రిల్ 6న ఆతడు ముఖ్యమంత్రి యయ్యెను. అదివరకు ముద్దాయి యని తాను వేలెత్తి చూపిన ప్రభుత్వమునకు తానే పెద్ద యయ్యెననిన మాట.

పేరునకే పెద్ద యని తొలిదినముననే తేలిపోయెను. గవర్నరు సర్ జాన్ నికల్, ఈ ముఖ్యమంత్రికి కూర్చుండుటకు ఒక గది, వ్రాయుటకు ఒక గుమాస్తా కావలెనని తలపనైన తలపలేదు. రెండెల్ రాజ్యాంగమున ఆర్థిక, న్యాయ, రక్షణాధికారములు ముగ్గురు ఇంగ్లీషు అధికారుల చేతిలో నుండగా, ముఖ్యమంత్రి యనువాడు వర్తక పరిశ్రమల వ్యవహారము చూచుకొను ఒక మంత్రి మాత్రమే యని ఆయన అభిప్రాయము. మార్షల్ వాదింపలేదు, అర్జీ పెట్టుకొనలేదు. తనకు కచేరీ ఈయనిచో ఆపిలుచెట్టు క్రిందనే బల్ల వేసికొని అచ్చటనే రాజ్యము చేసెదనని బెదరించెను. ఆ బెదరింపు ఫలించి, మెట్లక్రింద నున్న ఒక చిన్న గదిని ఆతనికి చూపిరి. రాజోచితమైన దుస్తులకు మారుగా మెడపట్టీ లేని బుష్ జాకెట్టును ధరించి, నోట పైపుతో ఆతడు సభకును కచేరీకిని వచ్చుచుండుట గవర్నరుకును, ఇంగ్లీషు పత్రికలకును కంటగింపయ్యెను. చిన్నవిషయములని మనము వీనిని త్రోసివేయరాదు. పరాధీనజాతులు అధికారమును తొలుత చూచునది దుస్తులలోను, గదులలోను, కుర్చీలలోను. రాజ్యాంగపు అధికరణములలో కాదు.

ఆ చిన్నగదియందు ఆతడొక అలవాటును ఆరంభించెను. వకీలు తన కచేరీలో కక్షిదారులను వరుసగ పిలిచి, వారి గోడు విని, కాగితము వ్రాసికొని, ఏదో యొక దారి చెప్పి పంపునట్లు, ముఖ్యమంత్రి వారమున కొకనాడు తలుపులు తెరచి, ఎవరు వచ్చినను వినవలెనని నియమము పెట్టుకొనెను. ఇల్లు లేనివాడు, పని పోయినవాడు, పింఛను రానిది, కుమారునికి బడిలో చోటు దొరకనిది, భర్త విడిచిపెట్టినది, ఇట్లు చీనా మలయ తమిళ స్త్రీపురుషులందరును వరుసకట్టిరి. వారికి ఇంగ్లీషు రాదు. దుబాసీలను కూర్చుండబెట్టి విని, ఆయా శాఖలకు జాబులు వ్రాయించుచుండిరి. అంతకు పూర్వము ఆ దీవిలో బీదవాడు సర్కారు గడప తొక్కెనన్నచో పోలీసు పిలిచినందులకో, పన్ను బాకీకో తొక్కవలసినదే. అధికారుల పనులు కుంటుపడునని గొణిగినవారు కలరు. ముఖ్యమంత్రి చేయవలసినది విధాననిర్ణయము గాని, ఒక్కొక్కని గోడు వినుట కాదని పరిహసించినవారు కలరు. పరిహసించినవారు పోయిరి. పద్ధతి నిలిచెను. పిమ్మట ఆతనిని ఓడించిన లీ పార్టీయే దానిని స్వీకరించి, ప్రతి శాసనసభ్యునికిని విధిగా చేసెను.

పాలన మాత్రము మొదటి మాసమునుండియు నిప్పులమీది నడకయే. హాక్ లీ బస్సుకంపెనీలో కార్మికులను పనినుండి తొలగించుటతో పుట్టిన తగవు పెద్దదై, చీనాపాఠశాలల విద్యార్థులు వచ్చి కార్మికులతో చేరగా, 1955 మే 12న అల్లకల్లోలము చెలరేగి, ఇద్దరు పోలీసువారును, ఒక విద్యార్థియు, ఒక అమెరికా విలేఖరియు మరణించిరి. సైన్యమును దింపుమని ఒత్తిడి వచ్చినను మార్షల్ దింపలేదు. ఈ విషయమున ఆతని మెత్తదనమును ఇంగ్లీషువారు దూషించిరి, కమ్యూనిస్టులు వాడుకొనిరి. నా తీర్పు వేరు. చీనావిద్యార్థుల యలజడికి మూలము కమ్యూనిస్టుల పన్నాగమొక్కటియే కాదు, ఇంగ్లీషు పాఠశాలలకు నిధులిచ్చి చీనాపాఠశాలలను సవతిబిడ్డలుగ చూచిన ప్రభుత్వనీతియు నని గ్రహించి, అన్ని పార్టీలవారితో ఒక విచారణసంఘమును నియమించినవాడు మార్షల్. ఆ సంఘము 1956 ఫిబ్రవరిలో ఇచ్చిన నివేదిక నాలుగు భాషల పాఠశాలలను సమానముగ చూడవలెనని చెప్పెను. నేటి సింగపూరు భాషావిధానమునకు పునాది అదియే. లాఠీతో అణచిన యలజడికి ఇట్టి ఫలితము దక్కియుండెడిది కాదు.

పిమ్మట వచ్చిన గవర్నరు సర్ రాబర్ట్ బ్లాక్‌తో ఆతనికి జులై మాసమున కలిగిన తగవు, చూచుటకు అత్యల్పము. నలుగురు ఉపమంత్రులు కావలెనని ముఖ్యమంత్రి కోరగా, ఇద్దరు చాలునని గవర్నరు నిర్ణయించెను. ఇద్దరా నలుగురా యని కాదు నా ప్రశ్న, ముఖ్యమంత్రి సలహాను గవర్నరు పాటింపవలెనా లేదా యని నా ప్రశ్న యనుచు మార్షల్ రాజీనామాకు సిద్ధపడి, వెంటనే స్వపరిపాలన నీయవలెనని సభచే తీర్మానము చేయించెను. చిన్న వ్యాజ్యమును పెద్ద సూత్రమునకు వేదికగా మార్చుట న్యాయవాదుల విద్య. వలసమంత్రి లెన్నాక్స్ బాయిడ్ దిగివచ్చి, మరుసటి యేడు లండనులో రాజ్యాంగ చర్చలు జరుపుటకు ఒప్పుకొనెను. ఆ విద్యకు అంతకు మించిన విజయము ఆతని జీవితమున మరి లేదు.

డిసెంబరు 28, 29 తేదీలలో, కేడా రాష్ట్రమున బాలింగ్ అను పల్లెబడిలో, మలయా ముఖ్యమంత్రి టుంకు అబ్దుల్ రహమాన్‌తో కలసి, అడవిలో పోరుచున్న కమ్యూనిస్టు నాయకుడు చిన్ పెంగ్‌తో ఆతడు మాటలాడెను. పార్టీని గుర్తింపవలెనని వారు, ఆయుధములు దించవలెనని వీరు పట్టుబట్టి, సంధి కుదరక లేచిరి.

ఇక లండను ప్రయాణము. దానికి ముందు ‘మెర్డెకా వారము’ అనగా స్వాతంత్ర్యవారమును జరిపి, 1,67,000 మందికి పైగా చేవ్రాళ్లతో మహజరును సేకరించిరి. 1956 మార్చి 18న కల్లాంగ్ విమానాశ్రయమున జరిగిన మహాసభలో జనము త్రొక్కిడికి వేదిక కూలిపోవుట అపశకునముగా కొందరికి తోచెను. ఏప్రిల్ చివరను పదుముగ్గురు సభ్యుల సర్వపక్ష బృందముతో మార్షల్ లండను చేరెను. ఇంగ్లీషువారు ఆ బల్లమీద పెట్టినది తక్కువేమియు కాదు. పూర్తిగ ఎన్నికైన సభ, అందుండి పుట్టిన మంత్రివర్గము, ఆంతరంగిక పరిపాలనయు ఇత్తుమనిరి. ఒక్కటి మాత్రము విడువమనిరి: ఆంతరంగిక రక్షణకై ఏర్పడు మండలిలో ఇరుపక్షముల వోట్లు సమానమైనచో, ఇంగ్లీషు హైకమిషనరు తన నిర్ణాయకమైన వోటును వేయవలెను. పోలీసు మీద అధికారము లేని స్వపరిపాలన స్వపరిపాలనయే కాదని మార్షల్ పట్టుబట్టెను. ఆతని బృందములోనివారే కొందరు మెత్తబడిరి; ఆతడు మెత్తబడలేదు. మే మధ్యమున చర్చలు విరిగెను. గెలువనిచో పదవి విడిచెదనని ముందే ప్రజలకు మాట యిచ్చియుండుటచే, జూన్ 7న రాజీనామా ఇచ్చి ఇంటికి పోయెను.

ఇచ్చటనే వకీలునకును రాజకీయవేత్తకును గల భేదము బయటపడును. వకీలు దావా వేసినచో పూర్తి డిక్రీ కోరును. సగము వచ్చినచో అప్పీలు చేయును. రాజకీయవేత్త సగము వచ్చినచో దానిని మూటగట్టుకొని, ఆ సగముమీద నిలుచుండి తక్కిన సగమున కెగబ్రాకును. మార్షలుకు పిమ్మట ముఖ్యమంత్రి యైన లిమ్ యూ హాక్ 1957లో తెచ్చినది మార్షల్ త్రోసివేసినదానికి కొంచెము సవరణ మాత్రమే: మండలిలో ఇంగ్లీషువారు ముగ్గురు, సింగపూరువారు ముగ్గురు, నిర్ణాయకమైన ఏడవ వోటు మలయా ప్రతినిధిది. దానితో 1959 జూన్ 3న సింగపూరునకు స్వపరిపాలన వచ్చెను, ఫలమును లీ క్వాన్ యూ భుజించెను. మార్షల్ పట్టుదలలో అహంకారము లేదని నేననను. కోపము వచ్చినచో రాజీనామా యని బెదరించుట ఆతనికి పరిపాటి యయ్యెను, తరచు వాడిన ఆయుధము మొక్కవోవును. కాని రహస్యముగ ఒక మాట, బహిరంగముగ మరియొక మాట చెప్పనేరని మనుష్యుడు ఆ కుర్చీలో పదునాలుగు నెలలు కూర్చుండి, మాట ప్రకారము లేచిపోవుట వలన, ఆ కుర్చీ గవర్నరు దయాధర్మము కాదని ప్రజలకు తెలిసెను.

ఆతడు విత్తి ఇతరులు కోసిన పంటలు మరికొన్ని కలవు. చీనాలో పుట్టి సింగపూరున తలనెరసిన రెండులక్షల ఇరువదివేల మందికి పౌరసత్వము లేకుండెను. వారికది ఈయవలెనని తొలుత గట్టిగ పట్టుబట్టినవాడు ఆతడు, చట్టమైనది 1957లో. శాసనసభలో ఇంగ్లీషుతోపాటు మలయ, చీనా, తమిళ భాషలలో మాటలాడుటకు వీలుండవలెనని 1956 ఫిబ్రవరిలో ఆతని ప్రభుత్వ కాలముననే సభ అంగీకరించెను. ఈ మూడు భాషలలో ఏదియు ఆతని తల్లిభాష కాదు. వేయిమంది గల సంఘమున పుట్టినవానికి తన భాషకై కొట్లాడు అవకాశమే లేకపోవుట, ఇతరుల భాషలను పక్షపాతము లేక చూచుటకు తోడ్పడెనని నేను తలంతును.

పదవి పోయిన వెంటనే సింగపూరు వర్తకుల బృందముతో ఆతడు చీనాకు పోయి, ప్రధాని చౌ ఎన్ లైతో మాటలాడెను. షాంఘాయిలో చిక్కువడిన కొన్నివందల రష్యను యూదులకు దేశము విడిచిపోవుటకు అనుమతి సంపాదించుట ఆ ప్రయాణమున ఆతడు చేసిన పుణ్యకార్యము. 1957 ఏప్రిల్‌లో సభలో లీ క్వాన్ యూతో పంతము పెరిగి, ఇరువురును రాజీనామా చేసి ప్రజలయెదుట తేల్చుకొందమని సవాలు చేసికొనిరి. లీ తిరిగి నిలిచి గెలిచెను. మార్షల్ పోటీయే చేయక రాజకీయములు చాలించితిననెను. ఆ యేడే నవంబరులో వర్కర్సు పార్టీని స్థాపించెను. 1961 జులైలో ఆన్సన్ ఉపయెన్నికయందు 546 వోట్ల ఆధిక్యముతో గెలిచి సభకు తిరిగివచ్చెను. తన పార్టీవారితోనే పొసగక 1963లో దానిని విడిచి, స్వతంత్రుడుగ నిలిచి, ధరావత్తు కోల్పోయెను. రాజకీయముల కథ అంతటితో సరి.

న్యాయవాది కథ సాగెను. 1969లో హత్యావిచారణలందలి జూరీపద్ధతిని రద్దుచేయ ప్రభుత్వము తలపెట్టినప్పుడు, మార్షల్ శాసనసభా సంఘము ఎదుట సాక్షిగా నిలిచి, పౌరుని ప్రాణమును పౌరులే తూచవలెనని వాదించెను. అడ్డుప్రశ్నలడుగుటకు కూర్చుండినవాడు ప్రధానమంత్రి లీ. నూరింట తొంబదితొమ్మిది గెలిచితినను మార్షల్ లెక్కయే అచ్చట ప్రస్తావనకు వచ్చెను. ఆ తొంబదితొమ్మండుగురును నిర్దోషులే యని నమ్మెదవా యన్నది ప్రశ్నాసారము. నమ్ముట నా పని కాదు, వాదించుట నా పని యన్నది జవాబుసారము. న్యాయవాదశాస్త్రము ప్రకారము ఆ జవాబు నిర్దుష్టము. లీ దానినే జూరీకి వ్యతిరేకమైన సాక్ష్యముగ గ్రహించెను. జూరీ రద్దయ్యెను. జీవితమున నెందరినో అడ్డుప్రశ్నలతో చిక్కించినవాడు ఒక్కనాడు తాను చిక్కెను. 1971లో ప్రభుత్వము విచారణ లేక నిర్బంధించిన చీనాపత్రికాధికారుల పక్షమున వాదించుచు, ప్రమాణపత్రముల ప్రతుల విషయమై అటార్నీ జనరలునకు ఇచ్చిన మాట తప్పెనన్న యభియోగముపై, మరుసటి యేడు ఆరుమాసములు వృత్తినుండి తొలగింపబడెను. ఆ శిక్షను అనుభవించి, ఆతడు మరల గౌను ధరించెను.

1978లో అదే ప్రభుత్వము ఆతనిని ఫ్రాన్సునకు రాయబారిగ పంపెను. ఆ ప్రస్తావన తెచ్చినవాడు విదేశాంగమంత్రి ఎస్. రాజరత్నం, ఆయనయు వలసకుటుంబీకుడే, సింహళమునుండి వచ్చిన తమిళుడు. క్షయరోగియై స్విట్జర్లండున నేర్చిన ఫ్రెంచి ఏబది యేండ్లకు అక్కరకు వచ్చెను. పదునైదేండ్లు పారిసునందుండి, దేశాంతరమున సింగపూరును సమర్థించుచు, స్వదేశమునకు వచ్చినప్పుడెల్ల నిర్బంధచట్టములను బాహాటముగ విమర్శించుచు, ఆ రెండు పనులను ఒక్క నోటితోనే చేయగలిగెను. ఇందు వైరుధ్యమున్నదని ఆక్షేపించువారు వకాల్తాకును అభిప్రాయమునకును గల తేడాను తెలియనివారు. 1995 డిసెంబరు 12న ఆతడు సింగపూరున కన్నుమూసెను.

ఆతడు విడిచిన వర్కర్సు పార్టీని 1971లో జె. బి. జయరత్నం అను మరియొక న్యాయవాది చేపట్టెను. ఆయన కుటుంబమును సింహళమునుండి వలసవచ్చినదే. స్వతంత్ర సింగపూరున పదునారేండ్లు ప్రతిపక్షమునకు ఒక్క స్థానమైనను ఎన్నికలలో దక్కలేదు. 1981 అక్టోబరులో జయరత్నం ఆ లోటును తీర్చి శాసనసభలో కాలు పెట్టెను. ఆయన గెలిచిన నియోజకవర్గము ఆన్సన్.